ముంజేతి పచ్చబొట్టు

మొన్న స్కూలు సెలవుల్లో మ్యూజియంకి వెళ్దామని మా మనవరాలు పట్టుబట్టింది. నేను దాన్ని తీసుకెళ్లానని పేరే గానీ నిజానికి అదే నన్ను తీసుకెళ్లింది. సెంబవాంగ్‌లో ట్రైను ఎక్కించి, దారిలో మారేచోట చెయ్యి పట్టుకుని, మెట్ల దగ్గర నా చేతికర్ర తను మోసి. చైనా వస్తువులున్న గదిలో ఒక గాజుపెట్టె ముందు అది ఆగిపోయింది. లోపల జానెడు మట్టిబొమ్మ ఉంది. నల్లటి మొహం, ఉంగరాల జుట్టు, నడుముకి ఒక్క గుడ్డ. రెండు పిడికిళ్లూ బిగించి ఉన్నాడు గానీ వాటిలో ఏమీ లేదు. గుర్రం పగ్గం పట్టుకుని ఉండేవాడట. ఆ పగ్గం ఎప్పుడో చివికిపోయింది.

మనవరాలు పక్కనున్న పలక చదివింది.

"అమ్మమ్మా, హీ ఈజ్ ఎ సర్వెంట్. సౌత్ సీస్ నుంచి చైనాకి కొనుక్కొచ్చారట. బాస్ చనిపోతే టూంబ్‌లో ఇట్లాంటి బొమ్మ పెడతారట. డై అయ్యాక కూడా పని చెయ్యాలంట! సో పూర్ థింగ్, లా."

"పేరేం రాశారే?"

"నో నేమ్. జస్ట్ సర్వెంట్."

నేను వెనక్కి జరిగి అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. అది కంగారుపడి నీళ్ల సీసా మూత తీసింది. నాకేం కాలేదని, ఇలాంటి మనిషి ఒకావిడ చిన్నప్పుడు నన్ను ఎత్తుకుందని చెప్పాను. "అమ్మమ్మా, దిస్ ఈజ్ వెరీ వెరీ ఓల్డ్ లా!" అని, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర ఆ 'లా' తగిలించి నవ్వింది. పాత సంగతే. కానీ నేను ఒకరు ఎత్తుకునే వయసులో ఉన్నప్పటికి ఆ మనుషుల్ని కొనుక్కోవడం ఇంకా పూర్తిగా అయిపోలేదు.

* * *

సెరంగూన్ వైపు ఇప్పుడు ఎత్తయిన కాండోమినియంలు ఉన్న చోట మా చిన్నతనంలో పెద్ద పెద్ద తోటల మధ్య ఒంటరి మేడలు ఉండేవి. అందులో ఒక మేడ ఒక చైనా తౌకేది, అంటే పెద్ద వ్యాపారిది. మా నాన్న ఆ తౌకే కారు నడిపేవాడు. మేడ వెనక వంటిళ్లు, అవి దాటితే కార్ల షెడ్డు, దానికి ఆనుకుని మా రెండు గదులు. నేను పుట్టింది ఆ గదుల్లోనే. మా తాతల కాలంలో కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం మాది. మా నానమ్మ పెళ్లికూతురిగా ఈ దేశం వచ్చి, రబ్బరు తోటల్లో పాలు గీసి, తాత పోయాక కొడుకు దగ్గరికి చేరింది. ఇక్కడి మలై భాష, తమిళం రెండూ గడగడా మాట్లాడేది గానీ కోపమొచ్చినా కన్నీళ్లొచ్చినా మాత్రం సొంత ఊరి తెలుగే.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. పొద్దున్నే రోట్లో ఎండురొయ్యలు దంచే వాసన. పదింటికి చిన్నుల్లి వేగే వాసన. మధ్యాహ్నం మేడ మీద కర్పూరపు చెక్క పెట్టెలు తెరిచి చీనాంబరాలు గాలికి ఆరబోస్తే తోటంతా పరుచుకునే చల్లని ఘాటు. వాటన్నిటి మీదుగా, పగలూ సాయంత్రమూ, పూర్వీకుల పటాల ముందు కాలే ఊదుకడ్డీల పొగ. మా వైపు మాత్రం కంచె పొడుగునా నానమ్మ వేసిన గోంగూర, మా అమ్మ పెట్టే చేపల పులుసు. గాలి తిరిగిందంటే పులుసు వాసన మేడలోకి పోయేది. వాళ్ల వంటమనిషి కిటికీలోంచి గరిటె ఊపుతూ ఏదో అరిచేది. తిట్టు అని మా అమ్మ అనుకునేది, కొంచెం అడుగుతోందని నానమ్మ అనుకునేది. చివరికి నానమ్మ మాటే నిజమయింది.

తౌకే ఆఖరి కూతురు నా ఈడుది. ఇద్దరం మలైలో మాట్లాడుకునేవాళ్లం. పండగ రోజుల్లో పటాల ముందు పెట్టిన బంక బియ్యపు అప్పాలు మేమిద్దరం కొసలు కొరికి మళ్లీ యథాస్థానంలో పెట్టేవాళ్లం. పెద్దలే వచ్చి ఆరగించారని వంటమనిషి మురిసిపోయి ఇంకో గుప్పెడు ఊదుకడ్డీలు వెలిగించేది. మేం బల్ల కింద నోళ్లు మూసుకుని, ముక్కుల్లో పొగ పోయి, తుమ్ము ఆపుకోలేక చచ్చేవాళ్లం.

ఆ ఇంటికి అసలు యజమాని తౌకే కాదు, ఆయన తల్లి. మా నాన్న ఆవిడని పెద్దమ్మగారనేవాడు. మేడ మీద తూర్పు గదిలో నల్లటి చెక్క కుర్చీలో కూర్చుని ఉండేది. ఆవిడ పాదాలు నా అరచేతి కంటే పెద్దవి కావు. చిన్నప్పుడే గుడ్డలతో బిగించి కట్టి వాటిని అలా చేశారని, వాళ్ల దేశంలో గొప్పింటి పిల్లలకి అలా చేస్తారని నా స్నేహితురాలు చెప్పింది. ఆ పాదాలతో ఆవిడ గది దాటి రావడం అరుదు. ఎక్కడికి కదలాలన్నా పక్కన ఓవా భుజం ఉండాలి.

ఓవా అని ఆ ఇంట్లో అందరూ పిలిచేది ఒక ముసలి దాసిని. ఆ మాటకి వాళ్ల భాషలో 'నల్లది' అని అర్థం. పొట్టి మనిషి. కొంచెం వంగిన నడుము, తెల్ల చొక్కా, నల్ల పైజామా, వెనక్కి దువ్వి ముడేసిన జుట్టు. ఎంత ఎండలోనైనా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకునేది. ఆ ఇంట్లో జీతానికి పనిచేసే ఆడవాళ్లు నలుగురైదుగురు ఉండేవారు. వాళ్లకి నెలకోసారి సెలవుండేది, చుట్టాలుండేవారు, కోపం వస్తే పని మానేస్తామని బెదిరించేవారు. ఓవాకి అవేవీ లేవు. ఆమె పెద్దమ్మగారితోపాటు చైనా నుంచి వచ్చిన సామాను. ఈ మాట నేనన్నది కాదు. పెద్దమ్మగారే అనేది.

మధ్యాహ్నాలు ఆవిడకి తోచనప్పుడు మమ్మల్నిద్దరినీ పిలిచి, ఎండబెట్టిన పుచ్చగింజలు పెట్టి, వచ్చీరాని మలైలో తన పుట్టింటి కథలు చెప్పేది. వాళ్ల నాన్న చక్రవర్తి కొలువులో పెద్ద అధికారి. ఒక ముంగిలి వెనక ఇంకో ముంగిలి, దాని వెనక ఇంకోటి, అంత ఇల్లు.

"మా ముత్తాతల కాలంలో గొప్పిళ్లన్నిటిలో పరదేశపు దాసీలుండేవారు," అనేది. "కొరియా నుంచి తెచ్చిన అమ్మాయిలు, పడమటి ఎడారుల నుంచి గుర్రాలు చూసేవాళ్లు, దక్షిణ సముద్రం నుంచి నల్లవాళ్లు. మా నాన్న నాటికి అదంతా పోయింది. అందుకే ఓడ వ్యాపారి ఒకాయన దీన్ని తెచ్చి కానుకగా ఇస్తే మా నాన్న ఎంత మురిసిపోయాడో! నా ఈడుదే. చేతికి లాంతరిచ్చి గుమ్మం పక్కన నిలబెట్టేవారు. వచ్చిన అతిథులు ముందు దీన్నే చూసేవాళ్లు. బుగ్గ రుద్ది చూసేవాళ్లు, రంగు పోతుందేమోనని."

ఆవిడ అలా చెబుతుంటే ఓవా కింద కూర్చుని ఆవిడ పాదాలు ఒత్తుతూ ఉండేది. కథ తన గురించి కానట్టే.

* * *

ఆ ఏడు రంబుటాన్ విరగకాసింది. కొమ్మలు నేలకి వంగి పండ్లు ఎర్రగా వేలాడుతున్నాయి. పెద్దమ్మగారి కిటికీ కింది చెట్టు ఎక్కకూడదని మాకు గట్టి ఆజ్ఞ. కాబట్టి మేం అదే ఎక్కాం. నా స్నేహితురాలు కింద గౌను పట్టుకుని నిలబడింది. నేను పైనుంచి విసురుతున్నాను. కొమ్మ మీద ఎర్రచీమల గూడు నేను చూసుకోలేదు. అవి చేతుల మీదికి పాకేసరికి పట్టు వదిలేశాను.

కింద పడి గుక్కపట్టాను. మోకాలు చిట్లింది, ఒళ్లంతా చీమలు. నా స్నేహితురాలు భయపడి పరిగెత్తింది. అప్పుడు మెట్ల మీద చప్పుడు. ఓవా పరిగెత్తుకొచ్చింది. ఆ మనిషి పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు. నన్ను ఒళ్లోకి లాక్కుని, చీమలు దులిపి, మోకాలి మీద ఉఫ్ ఉఫ్ మని ఊదింది. ఊది, అరచేత్తో నేలని ఠపీఠపీమని కొట్టి, "సీమ సచ్చిపోనాది... సీమ సచ్చిపోనాది" అంది.

నేను ఏడుపు ఆపేశాను. పడ్డ పిల్లలకి మా నానమ్మ చెప్పే మాట అది. పడ్డది నువ్వు, చచ్చింది చీమ అని నవ్వించడానికి.

కుంటుకుంటూ ఇంటికెళ్లి నానమ్మకి చెప్పాను.

"నానమ్మా, ఓవా తెలుగు మాట్లాడింది."

"నీ తలకాయి. ఆ యమ్మ సీనా మడిసి. నీకు సెవుల్లో కూడా సీమలు దూరినాయేటి?"

"కాదు. సీమ సచ్చిపోనాది అంది. నీలాగే అంది."

నానమ్మ చేతిలో గోంగూర కట్ట అలాగే ఉండిపోయింది. కాసేపు నన్ను చూసింది. లేచి, చెయ్యి కడుక్కుని, తల మీదికి కొంగు లాక్కుని, మేడ వెనక మెట్ల వైపు నడిచింది. ఇన్నేళ్లలో ఆ మెట్లు ఆమె ఎక్కలేదు. డ్రైవరు తల్లికి అక్కడ పనేముంది?

ఓవా మెట్ల కింది నీళ్లతొట్టి దగ్గర పెద్దమ్మగారి పాదాలకి చుట్టే గుడ్డలు ఉతుకుతోంది. నానమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నీదే ఊరు తల్లీ?" అంది తెలుగులో.

ఓవా దిక్కుతోచనట్టు చూసింది. నానమ్మ ఇంకా ఏవేవో అడిగింది. ఒక్కటీ అర్థం కాలేదు. మలైలోకి మారింది.

"నా మనవరాలితో ఒక మాటన్నావట. చీమ గురించి. అది ఎక్కడ నేర్చుకున్నావు?"

ఓవా ఉతుకుతున్న చేతులు ఆగాయి. దొంగతనం పట్టుబడినట్టు మొహం పెట్టింది.

"అది మాట కాదు," అంది. "ఊరికే చప్పుడు. నా దగ్గరే ఉంది. చిన్నప్పటి నుంచి. ఏడుపొస్తే నాకు నేనే అనుకుంటాను. ఇంకెవరికీ తెలియదు."

"ఇంకేం చప్పుళ్లున్నాయి నీ దగ్గర?"

ఓవా చేతిలో గుడ్డ తొట్టి అంచున పెట్టింది. తర్వాత, దాచుకున్నవి బయటికి తీసినట్టు, ఒక్కొక్కటే అంది. "బువ్వ." కొంచెం ఆగి, "లాలీ." ఇంకొంచెం ఆగి, "ఒలమ్మ."

నానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒలమ్మ, ఒలమ్మ" అని తనూ అంది. అన్ని ఏళ్లు తనొక్కర్తే కల్పించుకున్నానని అనుకున్న చప్పుళ్లు ఎదుటి మనిషి నోట్లోంచి తిరిగి వస్తుంటే ఓవా మొహంలో సంతోషం లేదు. భయం ఉంది. తడి గుడ్డలు గుండెకి అదుముకుని లేచి లోపలికి వెళ్లిపోయింది.

* * *

మరి కొన్నాళ్లకి తనే వచ్చింది. పెద్దమ్మగారు మధ్యాహ్నం నిద్రపోయే వేళ మా గది గుమ్మం దగ్గర నిలబడింది. నానమ్మ చాప వేసింది. నేను పక్కనే కూర్చున్నాను. పొమ్మన్నా పోలేదు.

ఓవా చుట్టూ చూసి, ఎడం చేతి చొక్కా బొత్తాం విప్పి, మడత పైకి జరిపింది. ముంజేతి మీద పచ్చగా చుక్కల వరస, దాని కింద చిన్న కొమ్మలాంటి గీత. ముడతల్లో పడి అలుక్కుపోయి ఉంది.

"చాప్," అంది మలైలో. ముద్ర అని. "నన్ను అమ్మినప్పుడు వేసింది. ఆ ఇంట్లో అందరూ అదే చెప్పారు. సంతలో పశువులకి వేస్తారు కదా, అలాగ. మా అమ్మ నన్ను అమ్మేసి, ఈ ముద్ర వేయించి ఇచ్చిందట. ఎవరికీ కనబడకుండా దాచుకుంటాను. నీకెందుకు చూపిస్తున్నానో తెలియదు."

నానమ్మ తన రవిక చెయ్యి పైకి తోసి తన ముంజెయ్యి ఓవా చేతి పక్కన పెట్టింది. అదే పచ్చదనం, అవే చుక్కలు. కొమ్మకి బదులు నానమ్మకి తేలు బొమ్మ ఉండేది.

ఓవా రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసింది.

"నిన్ను కూడా అమ్మారా?" అంది.

"నన్నెవులూ అమ్మలేదు!" నానమ్మ తెలుగులో అరిచి, మళ్లీ మలైలో నెమ్మదిగా చెప్పింది. "ఇది అమ్మిన ముద్ర కాదు. మా వైపు ఆడపిల్లకి తల్లి పొడిపిస్తుంది. సూదులతో పొడుస్తుంటే పిల్ల ఏడుస్తుంది. తల్లి ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, పాటలు పాడుతుంది. నగలైతే దొంగలు పట్టుకుపోతారు, ఇది ఎవరూ పట్టుకుపోలేరని పొడిపిస్తుంది. అమ్మేసే పిల్లకి ఏ తల్లి ఇంత చేస్తుంది?"

ఓవా ఆ చుక్కల మీద వేలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ తాకుతూ పోయింది. నాకు గుర్తున్నంతలో ఆమె ఏడవలేదు. ఏడ్చింది నానమ్మే.

ఆ తర్వాత ఓవా మెల్లగా చెప్పింది, తనకి జ్ఞాపకం ఉన్నది. పెద్ద రేవు, చాలామంది జనం, ఊకవాసన. తల్లి ఒక మూట మీద కూర్చోబెట్టి, చెంబు పట్టుకుని నీళ్ల కోసం వెళ్లింది. ఒకాయన వచ్చి పటికబెల్లం ముక్క ఇచ్చాడు. తర్వాత ఓడ. తల్లి తిరిగొచ్చిందో లేదో తెలియదు.

"రంగం రేవు అయ్యుంటాది," అని నానమ్మ నాతో అంది. "ఊక వాసనంటే అక్కడి బియ్యం మిల్లులదే. మనోల్లు అప్పుడు అటే ఎల్లేవోరు, కూలికి."

ఓవా లేవబోయి, మళ్లీ కూర్చుంది. సిగ్గుపడుతున్నట్టు తల వంచింది.

"ఇంకోటుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది కూడా తీసేసుకుంటారని. మా అమ్మ నన్ను పిలిచిన పేరు."

నానమ్మ ముందుకి వంగింది. నేను కూడా వంగాను.

"గుంట," అంది ఓవా.

నేను నోరు తెరిచాను. నానమ్మ నా తొడ మీద గిల్లింది. రక్తం చిమ్ముతుందేమో అన్నంత గట్టిగా. గుంట అంటే పేరు కాదు. మా వైపు ఆడపిల్లని అలా అంటారంతే. ఇంటింటా, వీధి వీధికీ ఒక గుంట ఉంటుంది.

"నీ మనవరాలి పేరు కూడా అదే కదా?" అంది ఓవా నానమ్మతో. "సాయంత్రాలు నువ్వు తిండికి పిలుస్తుంటే మేడ మీదికి వినబడుతుంది. మొదట్లో ఎవరో నన్నే పిలుస్తున్నారనుకున్నాను. ఆ వేళకి కిటికీ దగ్గర నిలబడి వినడం నాకు అలవాటు. చైనా పేర్లకి అర్థాలుంటాయి, ముత్యమనీ, పువ్వనీ. ఈ పేరుకి అర్థమేమిటి?"

నానమ్మ గొంతు సవరించుకుంది.

"బంగారం," అంది. "మా వైపు బంగారం లాంటి ఆడపిల్లలకే ఆ పేరు పెడతారు."

ఓవా వెళ్లిపోయాక నానమ్మ గోడకి జేరబడింది. "ఒలే, ఆ మాట నిజం కాదని ఎప్పుడైనా అన్నావంటే నీ నోట్లో వాత పెడతాను," అంది. తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని, "అబద్ధం మాత్రం ఏటుందిలే," అంది.

ఆ రోజు నుంచి సాయంత్రం పూట పెరట్లో నిలబడి నానమ్మ రెండుసార్లు కేకేసేది. మొదటి కేకకే నేను వచ్చేసేదాన్ని. అయినా రెండో కేక వేసేది, మొహం మేడ వైపు తిప్పి. పైన కిటికీ రెక్క తెరుచుకునేది.

* * *

నానమ్మకి ఇంక మనసు నిలవలేదు. పెద్దమ్మగారిని కొడుకు చేతుల మీద ఎత్తి చుట్టాల పెళ్లికి తీసుకెళ్లిన రోజున, ఇంట్లో ఉండిపోయిన ఓవాని భోజనానికి పిలిచింది. తోటకూర పప్పు, గోంగూర పచ్చడి, వంజరం చేప పులుసు. మా అమ్మ ఇంట్లో ఉన్న మంచి పళ్లెం తీసింది. ఓవా చేత్తో తినడం మర్చిపోయింది. నానమ్మే కలిపి ముద్ద చేసి అరచేతిలో పెట్టింది. గోంగూర నోట్లో పెట్టుకోగానే ఆమె కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి. దగ్గు. నీళ్లు తాగి, నాలుక బయటపెట్టి, చేత్తో విసురుకుంది. నేను పకపకా నవ్వాను. ఆమె కూడా నవ్వింది. చివరికి పప్పన్నం మాత్రం కొంచెం తిన్నది, అది కూడా చక్కెర అద్దుకుని.

నానమ్మ నవ్వలేదు. "నాలిక కూడా లాగేసుకున్నారు," అంది.

ఆ సాయంత్రమే నాన్నతో గొడవ పెట్టుకుంది.

"మన మడిసి. మనింట్లో ఉంటాది. నాను ఎల్లి ఆ ముసలమ్మని అడుగుతాను."

"అమ్మా, నీకు పైత్యమేటి? ఆల్ల ఇంట్లో ఉండి, ఆల్ల కారు తోల్తూ, ఆల్ల మడిసినే అడుగుతావా? రేపు మనల్ని ఈ గదుల్లోంచి పొమ్మంటే ఎక్కడికెల్తాం?"

"పొమ్మంటే పోదాం. నాను పుట్టినప్పుడు ఈ గదులు లేవు."

మర్నాడు నానమ్మ మేడెక్కింది. నేను కొంగు పట్టుకుని వెనకాలే వెళ్లాను. పెద్దమ్మగారు కుర్చీలో ఉంది. ఓవా పక్కన వేడినీళ్లలో తువ్వాలు పిండుతోంది. నానమ్మ నిలబడే చెప్పింది. ఈమె మా దేశపు మనిషి, మా జిల్లా మనిషి, ఇంక చాలు, మా దగ్గర ఉంచుకుంటాం అని.

పెద్దమ్మగారు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు.

"దాన్నే అడుగు," అంది. "వెళ్తానంటే వెళ్లమను."

ఓవా తువ్వాలు పిండింది. నీళ్లు మొత్తం కారిపోయాక కూడా ఇంకా పిండుతూనే ఉంది.

"చూశావా," అంది పెద్దమ్మగారు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఎముకల చెయ్యి ఓవా చొక్కా అంచుని పట్టుకుని ఉంది. చిన్నపిల్లలు జనంలో తల్లి చెంగు పట్టుకుంటారే, అలాగ.

తర్వాత నీళ్లతొట్టి దగ్గర ఓవా నానమ్మతో అంది. "కోపం తెచ్చుకోకు. ఎక్కడుంటావని నన్ను ఎవరూ అడగలేదు ఎప్పుడూ. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియలేదు."

* * *

వానలు ముదిరిన రోజుల్లో పెద్దమ్మగారు పోయింది. మేడంతా తెల్ల గుడ్డలు కట్టారు. బాకాలు, తాళాలు, కాషాయం కట్టిన భిక్షువులు. ముంగిట్లో కాగితంతో ఒక ఇల్లు కట్టారు, మనిషంత ఎత్తు. లోపల కాగితపు కుర్చీలు, మంచం, తలుపు ముందు కాగితపు కారు. కారులో గోధుమరంగు మొహంతో కాగితపు డ్రైవరు. చనిపోయిన వాళ్లకి ఆ లోకంలో పనికొస్తాయని అవన్నీ తగలబెడతారు.

"నన్ను కూడా పంపించేస్తున్నారే," అని నాన్న నవ్వబోయాడు. మా అమ్మ నవ్వనివ్వలేదు. దిష్టి తీసి పారేసింది.

మంచం కాళ్ల దగ్గర ఇంకో బొమ్మ కూర్చుని ఉంది. తెల్ల చొక్కా, నల్ల పైజామా, మొహానికి మసిరంగు. చేతిలో చిన్న తువ్వాలు.

ఓవా ఆ కాగితపు ఇంటి ముందు వంగి చాలాసేపు చూసింది. నిప్పు పెట్టారు. వాన తుంపర పడుతున్నా భగ్గున లేచింది. అందరూ ఏడుస్తున్నారు. ఓవా కూడా ఏడ్చింది, ఆ ఇంట్లో ఎవరూ ఏడవనంతగా. నేల మీద పడి, పెద్దమ్మగారిని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తూ. ఆ పేరు తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే మిగిలింది.

బూడిద చల్లారాక నానమ్మ దగ్గరికొచ్చి అంది. "నేను ఆవిడ వెంట వెళ్లిపోయాను. చూశావుగా. ఇప్పుడు ఇక్కడున్నది ఎవరో నాకు తెలియదు."

"నాకు తెలుసు," అంది నానమ్మ.

మేడ అమ్మేశారు. తౌకే ఊరి నడుమ ఒక కొత్త ఇంటికి మారాడు. ఆయన మంచివాడే. చిన్నప్పుడు ఆయన్ని ఓవానే వీపుకి కట్టుకుని పెంచింది. "నీకెక్కడుండాలనుంటే అక్కడుండు," అన్నాడు. ఈసారి ఓవా జవాబు చెప్పింది. మా నాన్నకి సెంబవాంగ్‌లో నౌకాస్థావరంలో లారీ నడిపే పని దొరికింది. చెక్క ఇల్లు, రేకు కప్పు, వెనక కొబ్బరి చెట్లు. ఒక గుడ్డ మూటతో ఓవా మా వెంట వచ్చింది.

కథ అక్కడ సుఖంగా ముగిసిందని చెప్పగలిగితే బాగుండును. ఆమెకి ఊరికే ఉండటం రాలేదు. తెల్లవారకముందే లేచి, జుట్టు దువ్వుకుని, గుమ్మం పక్కన నిలబడేది. ఎవరైనా పిలుస్తారని. "కూకో తల్లీ" అంటే కూర్చునేది, చెప్పారు గనక. మేం తినేదాకా తినేది కాదు. ఒకరోజు నానమ్మ నడవలో కూర్చుని ఉంటే వేడినీళ్ల బేసిన్ తెచ్చి, ఆమె కాళ్లు పట్టుకుని కడగబోయింది. నానమ్మ పాము కరిచినట్టు కాళ్లు వెనక్కి లాక్కుని కేకలేసింది. ఓవా, తప్పు చేశానేమో, నన్ను పంపించేస్తారేమో అనుకుంది.

నానమ్మ లేచి లోపలికెళ్లి కొబ్బరినూనె గిన్నె వెచ్చచేసి తెచ్చింది. ఓవాని తన ముందు కూర్చోబెట్టుకుంది. ముడి విప్పింది. తెల్లగా, పలచగా, నడుం దాకా పడింది జుట్టు. నూనె మాడున పోసి వేళ్లతో మర్దన చేస్తుంటే ఓవా కొయ్యలా బిగుసుకుని కూర్చుంది. ఇతరుల తల దువ్వడమే తప్ప తన తల ఎవరి చేతిలోనూ పెట్టి ఎరగదు. నానమ్మ తోటల్లో పాడుకునే పాటేదో సన్నగా తీసింది. కాసేపటికి ఓవా భుజాలు దిగాయి. తల వెనక్కి వాలి నానమ్మ మోకాలికి ఆనింది. అలాగే నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని. మధ్యాహ్నం ఎండ మొహాన పడుతుంటే నానమ్మ కదలకుండా తన కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత రోజూ తలంటు అయింది. కొంచెం కొంచెంగా మాటలు కూడా నేర్చుకుంది. నేను బడి నుంచి రాగానే "తిన్నావా" అనేది. పచ్చిమిరపకాయ చూస్తే పారిపోయేది. ఒకసారి ఎండలో చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి బట్టలు ఆరేస్తుంటే మా అమ్మ చూసి నానమ్మని పిలిచి చూపించింది.

అలా ఒక ఎండాకాలం గడిచిందేమో, అంతే. ఒక మధ్యాహ్నం చాప మీద పడుకుని మళ్లీ లేవలేదు.

తౌకే కబురందుకుని తెల్లబట్టల్లో వచ్చాడు. మా రేకింటి గుమ్మంలో, అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని నేలకి నుదురు ఆనించాడు. కన్నతల్లికి చేసినట్టే. మా నాన్న కొరివి పెట్టాడు. మర్నాడు మేం ముగ్గురం సెంబవాంగ్ ఒడ్డుకి వెళ్లాం. నాన్న మోకాళ్ల లోతు నీళ్లలో దిగి చిన్న మట్టికుండ వదిలాడు. నానమ్మ ఒడ్డునే నిలబడింది, చీర కుచ్చిళ్లు తడిసిపోతుంటే.

నానమ్మ ఓవాని ఉద్దేశించి ఏదో అంటుందని అనుకున్నాను. అనలేదు. సముద్రం వైపు, ఎక్కడో దూరానికి, పక్కవీధిలో ఉన్న మనిషిని పిలిచినట్టు గొంతెత్తింది.

"అమ్మా! ఎక్కడున్నావో, నీ పేరేటో నాకు తెలీదు. ఎన్నేల్లు ఎతికినావో, ఎంతమందిని అడిగినావో. ఇంక ఎతక్కు తల్లీ. నీ పిల్ల మాకాడికొచ్చినాది. అన్నం తిన్నాది. తలంటుకున్నాది. నిద్దరలోనే ఎల్లిపోనాది."

నాన్న నీళ్లలోనే తల వంచుకుని నిలబడ్డాడు. నానమ్మ చాలాసేపు అక్కడే ఉంది, అవతల నుంచి జవాబు రావాలన్నట్టు.

ఇప్పుడు నేను ఉండే ఫ్లాటు ఆ ఒడ్డుకి దగ్గరే. మా చెక్క ఇల్లున్న చోటు ఎక్కడో పోల్చుకోలేను. ఆ మేడ లేదు, నానమ్మ లేదు, నాన్న లేడు. ఓవా ఎంత వయసులో పోయిందో నేను ఇప్పుడు అంత వయసుకి వచ్చాను. సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు నీళ్ల వైపు చూస్తాను. చూస్తే నాకు ఓవా గుర్తు రాదు. నేనెన్నడూ చూడని ఆ తల్లి కనిపిస్తుంది. రంగం రేవులో నిండుచెంబు పట్టుకుని జనంలోంచి తోసుకుంటూ వస్తుంది. మూట ఉంటుంది. మూట మీద ఎవరూ ఉండరు.